నడుము దగ్గర వంగే సైకిలు

ఆగిరిపల్లి నుంచి నూజివీడు దాకా సగం మామిడి తోటలకి రత్నబాబు చేసిన గేట్లే ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా తనే చెబుతాడు. బండి మీద వెళుతూ తన గేటు కనబడితే ఆగి, గడియ లాగి చూసుకుని మరీ కదిలే మనిషి. వెనక కూర్చున్న ఇన్నమ్మకి ఈ వేషాలన్నీ అలవాటే. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ ప్రయాణమంతా భర్త వెనక సీటు మీదే.

చిన్నప్పుడు ఆవిడ కుడి మణికట్టు విరిగి, కట్టు సరిగ్గా కుదరక వంకరగా అతుక్కుంది. ఆ చేతికి పట్టు లేదు. హ్యాండిల్ పట్టలేని పిల్లకి సైకిలెందుకని పుట్టింట్లో ముట్టుకోనివ్వలేదు. ఎడమ చేత్తో మాత్రం బంగినపల్లి కాయని ఒక్కసారి తడిమి, ఎప్పటికి పండుతుందో చెప్పేస్తుంది. కోటేశ్వరరావు గారి మామిడికాయల షెడ్డులో కాయలు వేరుచేసే పని ఆవిడది. ఆ పనంటే ఆవిడకి ప్రాణం. రత్నబాబేమో వెల్డింగులో పడితే లోకం మరిచిపోతాడు. కిందటి సీజన్లో ఆయన దింపడం ఆలస్యమై ఎన్నోసార్లు ఆవిడ మాట పడింది. ఈసారి తెల్లారేసరికి రాలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని కోటేశ్వరరావు గారు ముందే చెప్పేశారు.

ఆ మాట రత్నబాబుకి తగలరాని చోట తగిలింది. తప్పు తనది, పని పోయేది ఆవిడకి. చేతులతో నిమిత్తం లేకుండా తిరిగే సైకిలు చేస్తానని ఇంట్లో ప్రకటించాడు. ఇన్నమ్మ నమ్మలేదు గానీ కాదనలేదు.

వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కే సైకిలొకటి ఆయన ఫోనులో చూశాడు. దానికి హ్యాండిలే లేదు. నడుము దగ్గర రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో కీలు మీద వంగుతోంది. ముందు ముక్కకి పెడళ్లూ చైనూ, వెనక ముక్కకి సీటు. కాళ్లతో ఎటు నెడితే అటు తిరుగుతుంది. కీళ్ల సంగతి తనకంటే ఎవరికి తెలుసనుకున్నాడు. తన వెల్డింగు షాపు గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మ గీసుకుని, రెండు పాత సైకిళ్లు కోసి, కాళ్లు తెగ్గోసిన ప్లాస్టిక్ కుర్చీ బిగించాడు. ఎడమ చేతికి అందేలా బ్రేకు పెట్టాడు. తిన్నగా ఉంటేనే తిన్నగా పోతుందనుకుని, కీలుని నిటారుగా నిలబెట్టాడు. ఎక్కీ ఎక్కగానే సైకిలు మడతపడి ఆయన్ని కంకర మీద పడేసింది. ఊళ్లోవాళ్లకి కొన్నాళ్లు వేరే కాలక్షేపం అక్కర్లేకపోయింది.

ఓ మధ్యాహ్నం ఒక తోటకి గేటు బిగించి, తోసి వదిలాడు. అది మెల్లగా దానంతటదే వచ్చి మూసుకుంది. పశువులు దూరకుండా అలా మూసుకోవాలనే, కీళ్లని కాస్త వాల్చి బిగించడం ఆయన అలవాటు. తెరిస్తే గేటు కొంచెం పైకి లేస్తుంది, తన బరువుకి తనే దిగుతూ మూసుకుంటుంది. రత్నబాబు స్పానర్ చేతిలో ఉండగానే షాపుకి పరిగెత్తాడు. సైకిలు కీలు కోసి, వాల్చి అతికించాడు. ఇప్పుడు ఎటు వంగినా సీటు కాస్త లేచి, కూర్చున్న మనిషి బరువుకి మళ్లీ తిన్నగా వస్తోంది. ఆ పూట ఆయన మురిపెం చూసి తీరాలి.

అయినా తొక్కడం మాత్రం రాలేదు. చిన్నప్పటి నుంచీ మామూలు సైకిలుకి అలవాటు పడ్డ ఒళ్లది. కాస్త ఒరిగితే చేతులు హ్యాండిల్ కోసం వెతుకుతాయి, కాళ్లు బిగుసుకుంటాయి, నడ్డి నేలకి తగులుతుంది. నవ్వినవాళ్లూ ఎక్కి చూసి, దుమ్ము దులుపుకుని పోయారు. సీజను నెత్తి మీదికి వచ్చేసింది. చివరికి రత్నబాబు మనసు విరిగి, దాన్ని ముక్కలు చేయడానికి కట్టింగ్ మిషను తీశాడు.

ఇన్నమ్మ వచ్చి ఆ సీట్లో కూర్చుంది. ఆ చేత్తో పడితే గతేమిటని ఆయన గాభరా పడ్డాడు.

"మీకు సైకిలొచ్చు కాబట్టి పడుతున్నారండీ," అందావిడ. "నాకెటూ రాదుగా. కాస్త పట్టుకోండి."

ఆయన కుర్చీ పట్టుకుని వెనకే నడిచాడు. ఆవిడ చేతులు ఏ హ్యాండిల్ కోసమూ వెతకలేదు. రోజూ పొద్దున్నే చర్చి వెనక ఖాళీ స్థలంలో నేర్చుకుంది. పడింది, మోచెయ్యి చీరుకుంది, మళ్లీ ఎక్కింది. ఒక రోజు ఆయన చెయ్యి వదిలేస్తే, ఆ చివర దాకా వెళ్లి నడుముతోనే మలుపు తిప్పుకుని వచ్చింది. రత్నబాబుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చేతి పనిని ఇంత అందంగా ఆయన ఎన్నడూ చూడలేదు.

కోతలు మొదలైన రోజు ఇన్నమ్మ అందరికంటే ముందు షెడ్డుకి చేరింది. వెనకే బండి మీద వచ్చాడు రత్నబాబు. ఆవిడ సైకిలు గోడకి ఆనించి, కొంగు దోపుకుని, కాయల రాశి ముందు కూర్చుంది. కోటేశ్వరరావు గారు సైకిలు చుట్టూ తిరిగి చూసి, ఇది చేసిందెవరని అడిగారు. తనేనన్నాడు రత్నబాబు. అయితే ఓసారి తొక్కి చూపించమన్నారాయన. కూలీలంతా పని ఆపి చూస్తున్నారు. రత్నబాబు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"నాకు రాదండీ," అన్నాడు, షెడ్డంతా వినబడేలా. "ఊళ్లో ఎవరికీ రాదు. మా ఇన్నమ్మ ఒక్కతే తొక్కుద్ది."