మంచు దారిలో ఏడు, మంచం మీద రెండు

2007 మార్చిలో నన్ను గల్ఫ్‌లో, మనామా నగరంలోని హూరా ప్రాంతంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. హోదా చూసి ఎవరూ బెదరనక్కర్లేదు. ఆ విభాగంలో ఉన్నది ఇద్దరమే. రెండో ఆయన నాకంటే నెల తర్వాత చేరాడు కనుక నేను సీనియర్ని. జగిత్యాలలో మావాళ్లకు మాత్రం, దుబాయి మోకాళ్లన్నీ నా చేతి కిందే ఉన్నాయని చెప్పుకున్నాను. గల్ఫంతా మావాళ్లకు దుబాయే కాబట్టి ఎవరూ లెక్క అడగలేదు.

కోతలు కోయడం నాకు సరదానే కాదు, ఉద్యోగంలో పనిముట్టు కూడా. బిగుసుకుపోయిన కీలును వంచేటప్పుడు రోగి ధ్యాసంతా ఆ కీలు మీదే ఉంటే చుట్టూ ఉన్న కండరం ఎదురు తిరుగుతుంది. ధ్యాస ఇంకెక్కడో ఉంటే కాస్త లొంగుతుంది. సఖీర్‌లోని కార్ల పందెం మైదానంలో రేసు కారుకు అడ్డం వచ్చి మోకాలు బెణికిన ఒంటెను ఆరుగురు పట్టుకోగా నేనొక్కణ్నే సరిచేశానన్న కథ మీద ఎన్నో మోకాళ్లు ఐదేసి డిగ్రీలు వంగాయి. ఒంటె యజమాని నాకు ఖర్జూరాల బుట్ట ఇచ్చే దగ్గరికి వచ్చేసరికి ఇంకో రెండు డిగ్రీలు కలిసొచ్చేవి.

ఆ వేసవిలో నా కథలకు పోటీగా ఒక యంత్రం దిగింది. నొప్పి క్లినిక్ చూసే డాక్టర్ సమీర్, ఈజిప్టు మనిషి, ఒక కంపెనీ దగ్గర దాన్ని ఆరు వారాలకు పరీక్ష కోసం తీసుకున్నాడు. వర్చువల్ రియాలిటీ అన్నారు. చూడడానికి స్కూటర్ హెల్మెట్ ముందు భాగం లాంటిది, మెడ వంగేంత బరువు, వెనక నుంచి బొడ్డుతాడులా ఒక కేబుల్ కంప్యూటర్‌కు. కళ్లకు తగిలిస్తే బయటి గది మాయమై మంచు కొండల మధ్య దారి కనబడేది. దాని మీద మనం బండిలో జారుతూ పోతున్నట్టుండేది. తల తిప్పితే దృశ్యం కూడా తిరిగేది, కాకపోతే అర క్షణం ఆలస్యంగా.

అరవై దాటిన రోగుల మీద పరీక్ష. పద్ధతి తేలికే. మొదటి వారం హెల్మెట్ లేకుండా, తర్వాత రోజు విడిచి రోజు పెట్టి వ్యాయామం చేయించాలి. మధ్యలో నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతో అడిగి రాయాలి. కీలు ఎంత వంగిందో గోనియోమీటరుతో, అంటే రెండు చేతులున్న కోణమాపకంతో, కొలవాలి. నొప్పి ఐదు దాటిన వాళ్లకు వ్యాయామానికి అరగంట ముందు మాత్ర ఇవ్వాలని మా విభాగంలో ముందునుంచీ ఉన్న నియమం.

పరీక్షలో చేరిన వాళ్లలో ఖాసిం చాచా ఒకడు. బోధన్ మనిషి, అరవై మూడేళ్లు. మనామాలోనే మహూజ్ ప్రాంతంలో ఒకే ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా డ్రైవరు. మెట్ల మీద జారి కుడి మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ చేసి వైరు వేశారు. ఎముక అతుక్కుంది గాని మోకాలు బిగిసిపోయింది. తొంభై డిగ్రీలు వంగితే తప్ప డ్రైవింగుకు ఫిట్ కాగితం మీద సంతకం పెట్టనని ఎముకల సర్జన్ తేల్చేశాడు. చాచా వీసా రెన్యూవల్‌కు ఇంకా నాలుగు వారాలు. అరవై దాటినవాడికి ఫిట్ కాగితం లేకపోతే రెన్యూవల్ లేదు. మా దగ్గరికి వచ్చేసరికి ఆయన మోకాలు వంగేది అరవై రెండు డిగ్రీలు.

"ఇంటికి పోయి రెస్టు తీసుకోరాదా చాచా?" అన్నాను ఒకసారి.

"ఇరవై ఆరేండ్లు స్టీరింగ్ పట్టిన సాబ్. ఇంటికాడ ఏం పట్టుకోవాలె, రిమోటా?" అన్నాడు.

మంచం అంచున కూర్చోబెట్టి, కాలు వేలాడదీసి, పిక్క ముందు అరచేయి ఆనించి వెనక్కి నొక్కేవాణ్ని. నొప్పి ఎంత అంటే ప్రతిరోజూ ఒకటే జవాబు. "రెండు సాబ్. రెండే రాయుండ్రి." చెమటలు కారుతుండేవి, పరుపు అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడేవి. నేను రెండు అని రాసేవాణ్ని. రోగి చెప్పిందే నొప్పి అని మాకు చదువులో నేర్పారు. రెండే కనుక మాత్ర లేదు. వారం గడిచినా అరవై రెండు అరవై నాలుగు దాటలేదు.

రెండో వారం హెల్మెట్ పెట్టాం. డాక్టర్ సమీర్ ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మంచు దారి మొదలైంది. మొదట చాచా తల అటూ ఇటూ తిప్పి, "సుభానల్లా, ఏం చలి!" అన్నాడు, గదిలో ఏసీ ఆ రోజు పనిచేయకపోయినా. తర్వాత బండి వాలులోకి దిగింది. చాచా కుడికాలు కదిలింది. గాలిలో బ్రేకు కోసం వెతుకుతోంది.

"అరె, గీ బండికి బ్రేకేది భాయ్? ఎవడు పాస్ చేసిండు దీన్ని?"

తొక్కే ఊపు కోసం కాలు తనంతట తనే వెనక్కి వచ్చింది. నేను దానితోపాటు నొక్కాను. డెబ్బై నాలుగు.

"నొప్పి ఎంత చాచా?"

"ఏడు! ముందల లోయ ఉంది, నన్ను సతాయించకు!"

డాక్టర్ సమీర్ మొహం వాడిపోయింది. హెల్మెట్ లేకుండా రెండు, పెడితే ఏడు. నొప్పి తగ్గించే యంత్రం నొప్పిని పెంచుతోందని నివేదిక రాయాల్సి వస్తుందన్నాడు. చాచా మెడకు బరువు ఎక్కువైందేమో, ఆయన్ని పరీక్ష నుంచి తీసేద్దామా అని కూడా అన్నాడు.

నాకు ఆ లెక్క పొసగలేదు. నొప్పి రెండు నుంచి ఏడుకు పోయిన మనిషి కాలు పది డిగ్రీలు ఎక్కువ వంచనివ్వడు, తన్నేస్తాడు. అబద్ధాల విషయంలో నాకు కొంత అనుభవం ఉంది కనుక, పెరిగింది నొప్పి కాదు, నిజమని అనుమానం వచ్చింది. హెల్మెట్‌లో ఆయనకు డాక్టరూ కనబడలేదు, ఫైలూ కనబడలేదు.

మర్నాడు ఒంటరిగా ఉన్నప్పుడు, మంచం మీద రెండే ఎందుకు చెప్తున్నాడని అడిగాను. చాచా నేను రాసే ఫారం పై వరుస మీద వేలు పెట్టాడు. అక్కడ పెద్ద అక్షరాల్లో ఆయన కఫీల్ పేరు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని పేరు, ఉంది. బిల్లు చెల్లించేది కఫీలే కనుక ఆస్పత్రిలో ప్రతి ఫారం మీదా ఆ పేరు అచ్చయ్యేది. నేను దాన్ని ఏనాడూ చదవలేదు.

"గాయన పేరు కింద నేను ఏడని రాయించుకుంటనా సాబ్? ముసలోనికి నొప్పులు ఎక్కువైనయ్ అని ఒక్క ముక్క పోతే ఖలాస్. కొత్త పోరణ్ని పెట్టుకుంటరు."

నొప్పి అంకెలు మా ఫైలులోనే ఉంటాయి, కఫీల్‌కు వెళ్లేది హాజరు, మోకాలి కోణం, బిల్లు మాత్రమే అని చెప్పాను. చాచా నన్ను జాలిగా చూశాడు.

"ఒంటెకు మోకాలు సరిచేసినోడివి, నువ్వు చెప్తే నేను నమ్మాల్నా?"

నా ఉద్యోగ జీవితంలో నా కథలు నాకే అడ్డం పడ్డది ఆ ఒక్కసారే. ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బిల్లింగ్ కౌంటర్‌కు తీసుకెళ్లాను. అక్కడి గుమస్తాను అడిగి, గత వారం కఫీల్‌కు పంపిన కాగితం నకలు తీయించాను. చాచాకు ఇంగ్లీషు అక్షరాలు కొద్దిగానే వచ్చు, అంకెలు బాగా వచ్చు. కాగితమంతా రెండుసార్లు వెతికాడు. తేదీలున్నాయి, అరవై రెండు ఉంది, దీనార్లున్నాయి. నొప్పి రెండు ఎక్కడా లేదు.

"మరి ఇన్నొద్దులు ఉత్తగనే ఓర్చుకున్ననా?" అన్నాడు.

"నేను అడగాల్సింది చాచా. అడగలేదు," అన్నాను.

ఆ రోజు మంచం మీద, కళ్లు తెరిచి, ఫైలు చూస్తూ ఎనిమిది అని చెప్పాడు. మర్నాటి నుంచి అరగంట ముందు మాత్ర ఇచ్చాం. మాత్రతో ఐదుకు దిగింది. మాత్రా హెల్మెటూ రెండూ ఉన్న రోజుల్లో మూడు. మంచు దారిలో ఏ వాలు ఎప్పుడొస్తుందో వారంలో కంఠతా పట్టాడు. వాలుకు ముందే కాలు వెనక్కి తీసి పెట్టుకునేవాడు. మధ్యలో నేను కథ మొదలుపెడితే, "నువ్వు ఊకో సాబ్, మలుపు వస్తుంది," అని కసిరేవాడు. మూడో వారం చివర ఎనభై ఐదు. రెన్యూవల్‌కు నాలుగు రోజుల ముందు సర్జన్ తన గోనియోమీటరు తనే తెచ్చుకుని కొలిచాడు. తొంభై నాలుగు. సంతకం పెట్టాడు.

పరీక్షలో ఉన్న మిగతా వాళ్లను కూడా, వాళ్ల కాగితాలు చూపించి, మళ్లీ అడిగాం. కొందరి అంకెలు మారాయి. డాక్టర్ సమీర్ మొదటి రెండు వారాల పట్టికలు పక్కన పెట్టి, యంత్రం పనితీరు గురించి గట్టిగా ఏమీ చెప్పలేమని కంపెనీకి రాశాడు. వాళ్లు సంతోషించలేదు. గడువు కాగానే హెల్మెట్ పట్టుకుపోయారు.

యంత్రం వృద్ధుల నొప్పికి పనికొస్తుందా అంటే, నేను చూసినంతలో వస్తుంది, మాత్రకు తోడుగా. దానికన్నా ముందు సరిచేయాల్సింది మా ప్రశ్న. ఆ తర్వాత పనిచేసిన పదిహేనేళ్లలో, నొప్పి ఎంత అని అడిగే ముందు ఆ అంకెను ఎవరెవరు చూస్తారో రోగికి చెప్పేవాణ్ని. నోటిమాటగా కాదు, కాగితం చేతికిచ్చి.