ఇరవై ఒకటో నెలలో ప్రమోషన్

2024 జూన్‌లో ప్రవీణ్ ఫైలు నా చేతికి వచ్చింది. అప్పట్లో నేను న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని న్యూ లిన్‌ పేటలో లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ అడ్వైజర్‌ని. ప్రవీణ్ క్రైస్ట్‌చర్చ్‌లో లారీలు బాగుచేసే డీజిల్ మెకానిక్. మనుషుల కొరత ఉన్న పనుల ప్రభుత్వ జాబితాలో ఉన్న ఆ పనిని ఇరవై నాలుగు నెలలు చేస్తేనే రెసిడెన్సీకి, అంటే అక్కడే స్థిరపడే అనుమతికి, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అతనికి ఇంకా మూడు నెలలు తక్కువ.

మా నాన్నగారిది తెనాలిలో బట్టల కొట్టు. చెప్పిన ధరకే కొనుక్కొచ్చినవాణ్ణి మా ఇంట్లో తెలివితక్కువవాడి కింద జమకట్టేవారు. ఆ పెంపకం ఊరుకోనివ్వక ప్రవీణ్‌కి అడగని సలహా ఒకటి ఇచ్చాను: "నువ్వు లేకపోతే ఆ షెడ్డు నడవదు. జీతం పెంచమని అడుగు."

రెండు వారాలకు, ఒక గురువారం, ఫోన్ చేశాడు.

"అంకుల్, మీ మంత్రం పారింది! జీతం పెంచి సూపర్‌వైజర్‌ని కూడా చేశారు. సంతకం పెట్టేశా."

సూపర్‌వైజర్ పని జాబితాలో లేదు. అందులో చేరితే నెలల లెక్క అక్కడితో ఆగుతుంది. పైగా అతని వర్క్ వీసా మెకానిక్ పనికే ఇచ్చారు. వేరే పని చేస్తే ఆ వీసాకే ముప్పు.

సంగతి చెప్పగానే అతని భార్య సుజాత ఫోన్ లాక్కుంది. "పాత కాంట్రాక్టే చూపించేద్దాం అంకుల్. వీసా ఆఫీసర్ వచ్చి చూస్తాడా ఏంటి? బేరం నేర్పింది మీరేగా!"

ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. కానీ దాచినట్టు తేలితే వాళ్ళ రెసిడెన్సీ, నా లైసెన్సు రెండూ పోతాయి. కొత్త పనిలో ఎప్పుడు చేరాలని అడిగాను. సోమవారమట. అంటే మధ్యలో ఒక్క శుక్రవారం.

మర్నాడు ప్రవీణ్ యజమాని దగ్గరికెళ్ళి, ఇచ్చిన ప్రమోషన్ వెనక్కి తీసుకోమని బతిమాలాడు. ఆయన మొదట వేళాకోళమనుకుని నవ్వాడట. సాయంత్రానికి రద్దు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని మూడు నెలల తర్వాత, జరిగింది జరిగినట్టు రాసిన వివరణతో, దరఖాస్తుకు జతచేశాను.

ఆపైన ఐదు నెలలు ఎదురుచూపు. మధ్యలో ఆ కాగితం గురించే ఇమిగ్రేషన్ ఆఫీసు ప్రశ్న పంపింది. జవాబు పంపాక సుజాత రోజూ ఫోన్ చేసేది, ఏమీ అడిగేది కాదు, "ఉన్నారా అంకుల్?" అని పెట్టేసేది.

రెసిడెన్సీ వీసా వచ్చింది. సూపర్‌వైజర్ ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

నేను నేర్చుకున్నది చిన్నదే. వీసా వరుసలో ఉన్న మనిషి శుభవార్త మీద కూడా అడ్వైజర్‌ని అడగకుండా సంతకం పెట్టకూడదు. అడ్వైజర్ తన పని కాని సలహా ఇవ్వకూడదు.