అత్తమ్మ సమాధికి సున్నం

మా నాన్న తన సొంత చెల్లెలు బతికుండగానే ఆమెకు సమాధి కట్టించాడు. రాయి మీద పేరు చెక్కించాడు, ప్రార్థన పెట్టించాడు, వచ్చినవాళ్లకు చాయ్ పోయించాడు. లోపల ఎవరూ లేరు.

ఈ మాట రాయడానికి నాకు భయం లేదు. దయ్యాలను నమ్మే మనిషిని కూడా కాను. బడికి పోయింది తక్కువ. నా చదువంతా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం పరిచే పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చుని సాగింది. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని అక్కడే నేర్చుకున్నాను. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు.

అత్తమ్మ పేరు సుగుణ. నాంపల్లి స్టేషన్‌లో వంట చేసే మనిషిని ఇష్టపడి, అతనితో రంగూన్ వెళ్లిపోయింది. నాన్న చర్చిలో సంఘ పెద్ద. వంటవాడు ఇంటి అల్లుడయ్యాడని నలుగురిలో చెప్పుకోలేకపోయాడు. యుద్ధం వచ్చి రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆయనకు అదే చాలింది. చెల్లెలు పోయిందన్నాడు. సంఘం నమ్మింది. చిన్నవాణ్ణి, నేనూ నమ్మాను.

మాలో ఈస్టర్ ముందు శనివారం సమాధులు కడిగి సున్నం వేస్తాం. నాన్న పోయాక ఆయన సమాధికీ, పక్కనే ఉన్న అత్తమ్మ సమాధికీ నేనే వేసేవాణ్ణి. తెలుపు మెరవాలని సున్నంలో చిటికెడు నీలిమందు కలపడం అలవాటు. తొంభైల చివర్లో ఒక ఏడు నా భార్య మార్త, బేగం బజార్ నుంచి తెచ్చిన పొట్లం మొత్తం బకెట్లో వొంపేసింది. నాన్నది అప్పటికే అయిపోయింది. అత్తమ్మది నీలంగా తేలింది.

పక్క సమాధి దగ్గర ఒకాయన బ్రష్ ఆపి, ఒకసారి ఆకాశం కేసి చూసి, "ఏందన్నా, ఆస్మాన్‌ని గీడికి దింపినవా?" అన్నాడు.

"మెరవాలంటివి, ఏసిన" అని మార్త నా మీదికే తోసింది. మళ్లీ సున్నం తెచ్చే ఓపిక లేక అట్లాగే వదిలేశాం. వానలకు కూడా ఆ రంగు పోలేదు.

ఆ ఎండాకాలమే రంగూన్ తెలుగు సంఘం పాస్టర్ గారు ఒకాయన మా చర్చికి వచ్చారు. ఆరాధన అయ్యాక చాయ్ తాగుతూ, తమ దగ్గర సుగుణమ్మ అనే పెద్దావిడ ఉందనీ, నాంపల్లి పేరు వింటే చాలు కళ్లు మూసుకుంటుందనీ చెప్పారు. ఆమె అన్న పేరేమిటని అడిగాను. మా నాన్న పేరు చెప్పారు. చాయ్ అక్కడే వదిలేసి లేచాను. భయంతో కాదు, కోపంతో. బతికున్న మనిషిని ఇన్నేళ్లు మట్టిలో ఉంచాం.

చలికాలంలో రంగూన్ వెళ్లాను. సందు చివర చెక్క ఇల్లు, వసారాలో పడక్కుర్చీ, అందులో అత్తమ్మ. నేనెవరని అడగలేదు. నా కుడి చెయ్యి అందుకుని వేళ్లు వాసన చూసింది.

"వచ్చినవా బిడ్డా. గీ చెయ్యే" అంది.

ఆ రోజులు కలలో గడిచినట్టే గుర్తు. ఆమె నాంపల్లి టాంగాల గురించి అడిగేది. ఎప్పుడో లేకుండా పోయిన టాంగాలు ఇంకా తిరుగుతున్నట్టే నేను జవాబు చెప్పేవాణ్ణి. ఎక్కడో గంట మోగేది. నేనున్నది ఏ ఊరో కాసేపు తెలిసేది కాదు.

ఆమె కూతురు శాంత, నాకు మరదలు వరస, ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ అంది. "ఏటా ఈస్టర్ ముందురోజు అమ్మ ఎండల గూడ దుప్పటి కప్పుకుంటది బావా. ఎవరో తడి బ్రష్షుతోని వీపు రాస్తున్నరంటది. ముసలితనం, ఏం జేస్తం."

నేను నా కుడి చెయ్యి చూసుకున్నాను.

చివరికి తెగించి అత్తమ్మకు చెప్పాను. "నీ పేరు మీద సమాధి ఉన్నది అత్తమ్మా. నాయిన కట్టిచ్చిండు. నువ్వు ఔ అంటె, పోంగనే నా చేతులతోని కూలగొడ్త." ఆమె బయటికి చూస్తూ ఉండిపోయింది. నేనంత దూరం వచ్చింది ఆ ఒక్క 'ఔ' కోసమే. అది లేకుండా కూలగొడితే, నాన్న లాగే నేనూ ఆమెను అడగకుండా ఆమె సంగతి తేల్చినవాణ్ణవుతాను. రోజూ ఆమె ముఖం చూస్తూ కాచుకున్నాను.

సమాధి ఉందని తప్ప అక్కడ ఇంకేమీ చెప్పలేదు. సున్నం వేసే సంగతి ఎత్తడానికే సిగ్గనిపించింది. రంగూన్ పాస్టర్ గారు మా శ్మశానం వైపే పోలేదు, ఆ నీలం చూడనే లేదు.

సమాధి ఇప్పటికీ ఉంది. ఇంత కోపం ఉన్నవాడివి ఎందుకు కూలగొట్టలేదని మావాళ్లు అడుగుతుంటారు. చదివిన పుస్తకాలన్నీ మనసులో తిరగేసి చూసుకున్నాను, ఎటూ తేలలేదు. తిరిగి బయల్దేరే రోజు వంగి సెలవడిగితే, అత్తమ్మ నా తల దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పిన జవాబే నా దగ్గరుంది.

"ఉండనియ్ బిడ్డా. ఏడాదికొక్కసారన్న నావోళ్ల చెయ్యి తగుల్తది. నీ పెండ్లాన్ని నీలిమందు జర తక్కువెయ్యమను."