ఇంకొంచెం ఎనక్కి

మా సైన్సు సారుది ఎప్పుడూ ఒకటే మాట: "ఇంకొంచెం ఎనక్కి పోదామప్పా!"

జమ్మలమడుగు పక్క ఫ్యాక్షన్ ఊళ్ళో జీవపరిణామం చెప్పడానికి పోయినప్పుడు, బొమ్మల పటం పట్టుకునింది తోటి టీచరునైన నేనే. రెండు పార్టీలూ వీధికి చెరో పక్క అరుగుల మీద కూర్చుంటే, సారు నడివీధిలో నిలబడినాడు.

మనుషులందరిదీ ఒకే వంశమనగానే ఒక పెద్దాయన లేచినాడు. "ఆ ఎదురు అరుగోళ్ళు మాకు చుట్టాలా సారూ? మా మనిషిని ముందు నరికింది వాళ్ళు!"

"ముందు నరికింది మీరు!" అని ఎదుటి అరుగు నుంచి కేక.

నేను పటం చుట్టేయబోయినాను. సారు కళ్ళు మాత్రం మెరిసినాయి. "ఇంకొంచెం ఎనక్కి పోదామప్పా," అంటూ పటం మీద మనిషి బొమ్మ నుంచి వేలు కిందికి జరుపుకుంటా పోయి చేప దగ్గర ఆపినాడు. "మీ రెండు పార్టీలకూ అవ్వ ఇదే!"

పెద్దాయన పటం దగ్గరికొచ్చి చేపను శానాసేపు చూసినాడు.

"మరి ఇది ఏ పార్టీ సారూ?"

రెండు అరుగులోళ్ళూ ఒక్కసారే నగినారు.