రెండు మాత్రలూ తెలిసినదాన్ని

నేను బడికి పోలేదు. పుంగనూరులో మధ్యాహ్నం అంగడి మూసిన గంటసేపు మా నాయన నేర్పించిందే నా చదువు. దాంతోనే తొంభైల్లో మదనపల్లెలో ఒక కాలేజీ ల్యాబ్‌లో అటెండరుగా చేరాను. దేవుడు పెట్టిన అన్నం అది. ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఆ ల్యాబ్‌లో ఒక మేడం, కాలేయం మందుల్ని ఎట్లా విరగ్గొట్టి బయటికి పంపుతుందో పరిశోధన చేసేది. ఆ పని చేసే ఎంజైమ్‌ను కుందేళ్ల కాలేయంలోంచి వేరుచేసేవాళ్లం. నాలుగు రోజులు టీబీ మాత్ర నూరి నీళ్లలో కలిపి కుందేళ్లకు పట్టించడం నా పని. వాటి మూత్రం నారింజ రంగుకు తిరిగేది. ఐదో రోజు మేడం చేతికిచ్చే ముందు ఒక్కొక్కదాని చెవిలో "గోవిందా" అనేదాన్ని.

"దానికి మోక్షం, నాకు థీసిస్. నీకేం మిగులుతుందమ్మా?" అని నవ్వేది మేడం.

"జీతం, మేడం."

మాంసం ముట్టని ఇంట్లో పుట్టి, ఐసు మీద కాలేయం ముక్కలు కోశాను. నూరి, యంత్రంలో గిర్రున తిప్పి, చివరికి గాజు గొట్టంలో పోస్తే ఎర్రమట్టి రంగు పట్టీ ఒకటి మెల్లగా కిందికి దిగేది. అదే ఎంజైమ్. తర్వాత ఇంకో యంత్రం పెన్నుతో కాగితం మీద కొండలాగా గీత గీసేది. టీబీ మాత్ర తిన్న కుందేళ్లకు కొండ బాగా ఎత్తుగా వచ్చేది. ఎంజైమ్ ఎక్కువగా పుట్టిందన్నమాట. అట్లాంటి ఒంట్లో వేరే మందు వేసినా నిలవదు, తొందరగా విరిగిపోతుందని మేడం చెప్పింది. కొండ ఎత్తుగా వచ్చిన ప్రతి దినమూ ఇంట్లో కర్పూరం వెలిగించేదాన్ని.

మా చెల్లెల్ని కుప్పంలో ఇచ్చాము. దానికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాత్ర మింగినంత కాలం రావు. అత్తగారింట్లో ఆ సంగతి దాచాము. నెలనెలా మాత్రలు కొని, కుంకుమ భరిణెలో పోసి, బస్సెక్కి ఇచ్చి వచ్చేదాన్ని. పూజ దగ్గర భరిణె తెరిస్తే ఎవరూ అడగరు.

ఒక ఏడు దానికి టీబీ వచ్చింది. అక్కడి డాక్టరు మందులు రాశాడు. పక్కన అత్త నిలబడి ఉంటే, అది ఫిట్స్ మాట ఆయనకూ చెప్పలేదు.

"అక్కా, ఉచ్చ ఎర్రగా పోతాండాది. యాల?" అంది నాతో.

"మాత్ర రంగులే. మా కుందేళ్లకూ అంతే."

నెల తిరక్కముందే, సంగటి కెలుకుతా ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడింది. కుడిచెయ్యి కాలింది. సెలవు అడగబోతే మేడం వివరం అడిగింది. టీబీ మాత్రలనగానే చేతిలోని గొట్టం స్టాండులో పెట్టింది. నా వైపు చూసి, "వెంటనే పో, డాక్టరుకు రెండు మందుల సంగతీ చెప్పు" అంది. కొండ గీతలు చూసినదాన్ని, రెండు మాత్రలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

బస్సులో నాకు ఏడుపు రాలేదు. టికెట్టు మడిచి మడిచి పెట్టుకున్నాను.

ఆసుపత్రిలో అత్త ముందరే డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన ఫిట్స్ మాత్ర పెంచాడు.

"ఇన్నాళ్లూ కుంకుమ అనుకుంటిమే! బలే భక్తురాళ్లమ్మా అక్కాచెల్లెళ్లు," అంది అత్త. అంతేగాని కోడల్ని పుట్టింటికి పంపలేదు. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

చెల్లెలు కట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని, "నా చెవిలో గోవిందా అనలేదు గదక్కా, అదే సాలు," అంది. నవ్వాలని తెలిసింది. నవ్వు రాలేదు.

దాని మూడు వేళ్లు అతుక్కునే ఉండిపోయాయి. టీబీ మాత్రలు ఆపాక రెండు వారాల్లో కాలేయం మెల్లగా మామూలుకు వస్తుందని, అప్పుడు పెంచిన మాత్ర తగ్గించకపోతే ఒంటికి విషమవుతుందని మేడం చెప్పింది. క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టి, ఆరోజు పొద్దున్నే కుప్పం బస్సెక్కాను. డాక్టరు మాత్ర తగ్గించి రాశాడు. మళ్లీ ఫిట్స్ రాలేదు. ఆ చీటీని కుంకుమ భరిణెలో కాదు, దాని అత్త చేతిలో పెట్టాను.