కారణం అడిగిన మధ్యాహ్నం

రాప్తాడు దగ్గర ఒక ప్రభుత్వ బడిలో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. ప్రాథమిక హక్కుల పాఠం ఏటా చెబుతున్నా, దానిమీద నాకంత నమ్మకం ఉండేది కాదు. పుస్తకంలో ప్రభుత్వానికి హద్దులున్నాయి. బయట వాటిని ఎవరు చూశారు?

మొన్న వేసవిలో మా వీధికి నీళ్ల ట్యాంకరు రావడం ఆగిపోయింది. ఆటో తోలే మా తమ్ముడు వీధివాళ్లను కూడగట్టి, ఖాళీ బిందెలతో మండలాఫీసు ముందు కూర్చున్నాడు. మరునాడు పొద్దున్నే మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు వచ్చారు. "సారు మాట్లాడల్లంట, రాప్పా" అని బండెక్కించుకుని పోయారు. ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నమైనా తమ్ముడు ఫోన్ ఎత్తలేదు.

వీధిలో ఎవరో పోలీసులకు వాడి పేరు చెప్పారని నాయన అనుమానం. పలకరించడానికి వచ్చిన పక్కింటాయన ముఖం మీదే తలుపు వేశాడు.

"నువ్వు పోవద్దు పాపా. నీ ఉద్యోగం గూడా పీకేస్తారు" అన్నాడు నాతో.

నాకూ అదే భయం. అయినా అనంతపురంలో తెలిసిన లాయరమ్మను పిలిపించుకుని, ఆమెతో స్టేషనుకు వెళ్లాను.

తమ్ముడు బెంచీ మీద ఉన్నాడు. కాళ్లకు చెప్పులు లేవు. వాడి ఫోన్ ఎస్సై బల్ల మీద ఉంది.

"ఏం కేసు సార్?" అని అడిగింది లాయరమ్మ.

"కేసేం లేదమ్మా, ఊరికే పిలిపించినాం" అన్నాడు ఎస్సై. తర్వాత నావైపు తిరిగాడు. "టీచరమ్మా, గవర్నమెంటు జీతం తీసుకుంటాండావు. నీకెందుకీ రచ్చ?"

నేను బల్ల దగ్గరికి జరిగాను. "అరెస్టు చేసింటే కారణం చెప్పల్ల సార్. లాయరును కలవనీయల్ల. ఒక దినం లోపల జడ్జి ముందర పెట్టల్ల. అరెస్టే లేకుంటే, మావాణ్ణి ఈడ కూర్చోబెట్టే అధికారం మీకు యాడిది?"

ఆయన నవ్వాడు. లోపలికి వెళ్లి ఎవరితోనో ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చి, తమ్ముడి ఫోన్ వాడి చేతిలో పెట్టి, "మీవాణ్ణి పిల్చుకపోండి" అన్నాడు.

"ఫోన్ లాక్ తీయమన్యారక్కా. నేను తీయలే" అన్నాడు తమ్ముడు, గేటు దాటాక.

వాణ్ణి విడిపించింది రాజ్యాంగమా, లాయరమ్మ నల్లకోటా, ఫోన్లో అవతలి మనిషా? నాకిప్పటికీ తెలియదు. పై అధికారులకు ఫిర్యాదు మాత్రం పెట్టాం. దాని విచారణకు ఒక అధికారి ఇంటికొచ్చినప్పుడు నాయన మంచం వాల్చాడు, మజ్జిగ ఇచ్చాడు. నన్నూ లాయరమ్మనూ ఆయనకు చెరోపక్క కూర్చోబెట్టాకే తమ్ముణ్ణి లోపలి గదిలోంచి బయటికి రానిచ్చాడు.