సినిమాలో లేని ఫైటు

పేరయ్య సినిమా చూసొచ్చి కథ చెప్తే అందులో ఫైటు ఉండి తీరాలి. తీసినవాడు మరిచిపోయినా పేరయ్య మరిచిపోడు.

పర్చూరు అవతల త్రినాథ్ గారి మిరప కల్లానికి అతను కాపలాదారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటే, పేరయ్య తలగుడ్డ చుట్టి ఎదురుగా నిలబడి కథ మొదలెడతాడు. ప్రేమకథైనా సరే, లండన్‌లో జరిగినా సరే, ఇంటర్వెల్ లోపు ఎవడో ఒకడు ఎగిరి మిరపరాశిలో పడాల్సిందే.

"లండన్‌లో మిరపకాయలెక్కడివి పేరయ్యన్నా?" అంది ఒకసారి గురవమ్మ. ఆవిడ నోటికి కల్లమంతా జడుస్తుంది.

"మనం పంపట్లా? ఎగుమతులన్నీ ఎక్కడికి పోతున్నాయనుకున్నావ్?"

క్రిస్మస్‌కి చర్చిలో యేసు పుట్టిన సినిమా వేస్తే, మర్నాడు గొర్రెల కాపరుల చేత హేరోదు సైనికుల్ని ఉతికించాడు. పాస్టరు ఫిలిప్ గారు పిలిపించి, "ఇది ఏ సువార్తలో ఉంది పేరయ్యా?" అని అడిగారు.

"ఎందులోనూ లేదండి. చేతుల్లో కర్రలు ఊరికే ఉన్నాయి గదా అని..." అన్నాడు వినయంగా. పాస్టరు గారికి నవ్వాగలేదు.

తాలుకాయలు ఏరేవాళ్ళలో ఎలీసమ్మ ఈ కథలకి పడీ పడీ నవ్వేది. మొన్న శుక్రవారం మాత్రం ఆవిడకి అన్నం సయించలేదు. కొడుకు మార్క్ హైదరాబాదులో సినిమా ఫైటర్లలో చేరి మూడేళ్ళు. గుంపులో తన్నులు తిని తిని, ఇన్నాళ్ళకి ఒక క్రైమ్ థ్రిల్లర్‌లో హీరోతో ఒంటరిగా తలపడ్డాడు. ఆ మాట ఆవిడ కల్లమంతా చెప్పుకుంది, చర్చిలో లేచి సాక్ష్యం కూడా ఇచ్చింది. పోస్టరు నిండా నెత్తురూ, గొడ్డళ్ళూ. తీరా విడుదల రోజున మార్క్ ఫోన్ చేశాడు.

"అమ్మా, నా ఫైటు తీసేశారు. అసలు సినిమాలో ఒక్క ఫైటు కూడా లేదు. ఎవరికీ చెప్పమాకు."

అప్పటికే పేరయ్య ఆ సినిమాకని పర్చూరు ఆటో ఎక్కేశాడు. రేపు కల్లంలో అందరి ముందూ తన పరువు ఏమవుతుందో అని ఎలీసమ్మకి బెంగ పట్టుకుంది.

శనివారం పొద్దున పేరయ్య కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఎలీసమ్మ తల ఎత్తలేదు. తాలుకాయలు వదిలేసి మంచికాయలు ఏరేస్తోంది.

"మన మార్కు కనపడ్డాడా అన్నా?" అంది గురవమ్మ.

పేరయ్య తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టాడు.

"కనపడ్డాడా అంటావేంది! హీరో పోలీసు. ఎంతసేపూ టీ తాగుతా, ఫైళ్ళు తిరగేస్తా ఉంటాడు. అప్పుడొచ్చాడమ్మా మార్కు! ఎక్కడికి? గోడౌన్లోకి. ఏం గోడౌను?"

"మిరపకాయల గోడౌను!" అన్నారు ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో.

పేరయ్య గాల్లోకి కాలు విసిరాడు. మార్క్ కొట్టిన దెబ్బకి హీరో టీగ్లాసు ఎగిరి గోడౌను పైకప్పుకి తగిలింది. హీరో తిరిగి కొట్టాడు. మార్క్ పడబోయి పేరయ్యే పడ్డాడు, ఏరిపెట్టిన రాశి మీద. కల్లమంతా చప్పట్లు, తుమ్ములు. ఎలీసమ్మ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. లేని ఫైటని తెలిసి కూడా ఆవిడకి కొడుకుని చూసి ఒళ్ళు పులకరించింది.

"రేపు చర్చి అయ్యాక అందరం పోయి చూద్దామే," అంది గురవమ్మ.

పేరయ్య గబుక్కున లేచాడు. "ఎందుకూ? మార్కు ఫైటు తప్ప అందులో ఏం లేదు. అది ఇప్పుడే చూశారు గదా!"

మధ్యాహ్నం అందరూ అన్నాలకి లేచాక ఎలీసమ్మ మజ్జిగ గ్లాసుతో అతని దగ్గరికెళ్ళింది.

"మావాడు ఫోన్ చేశాడన్నా. నాకు తెలుసు."

పేరయ్య చూపు కిందికి దించాడు. "మూడాటలు చూశానమ్మా. మొదటిదాంట్లో నాకు కునుకు పట్టిందేమో అనుకున్నా. రెండోదాంట్లోనూ రాలా. ఏ మూలన్నా నిలబడ్డాడేమోనని ముందు బెంచీలో కూర్చుని మళ్ళీ చూశా. ఆ హీరో టీలు తాగడమే గానీ ఒక్కణ్ణి కొట్టి చావడే!"

ఎలీసమ్మకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది.

"అది సరేగానీ, మావాణ్ణి అంత తొందరగా పడేశావేందన్నా? సోమవారం ఇంకో నాలుగు దెబ్బలు కొట్టనియ్."

"హీరోకి నేను చెప్తాలే," అని పేరయ్య మజ్జిగ గటగటా తాగేశాడు.